క్రొత్త ల్యాప్‌టాప్‌లో స్వల్పదోషము: స్వీకారమా, ప్రత్యర్పణమా?

క్రొత్తగా కొనిన ల్యాప్‌టాప్ పెట్టెను విప్పిన గంటలోనే ఏదో ఒక లోపము కంటబడును. నల్లని తెరపై ఒక చుక్క సర్వదా ఎర్రగా వెలుగుచుండును. లేదా మూతకును అడుగుభాగమునకును మధ్యనున్న సందు ఒకవైపు వెంట్రుకవాసి ఎక్కువగా తోచును. లేదా కీబోర్డుపై ఒక మీట మిగిలినవాటికంటె గట్టిగా చప్పుడు చేయును. యంత్రము చక్కగా పనిచేయుచునే ఉన్నది. కొనినవాని మనస్సు మాత్రము పనిచేయుట మానినది. తిప్పి పంపుటకు ఏడు దినములో, పది దినములో గడువు కలదు. ఆ గడువులో ప్రతి దినమును ఒక సంశయముగా గడచిపోవును.

ఇట్టి సమయమున ఇంటిలోని పెద్దలు ఇరువురును ధర్మమునే పలుకుదురు. ‘ప్రాప్తించినదానితో తృప్తిపడవలెను నాయనా, ఇంతమాత్రమునకు రచ్చ ఎందుకు?’ అని ఒకరందురు. ‘కష్టార్జితము పోసి కొన్నాము, లోపమున్న వస్తువును నోరు మూసికొని ఉంచుకొనుట ఏమి ధర్మము?’ అని మరొకరందురు. మొదటి మాట సంతోషమును ఆశ్రయించినది, రెండవది న్యాయమును. సాధనలో నున్న గృహస్థుడు ఈ రెండింటి నడుమ చిక్కుకొనును. ఉంచుకొన్నచో అది వైరాగ్యమా, పిరికితనమా? తిప్పి పంపినచో అది వివేకమా, వస్తుమోహమా?

వస్తువును ఉంచుకొనుటవలననే వైరాగ్యము సిద్ధింపదు, తిప్పి పంపుటవలననే మోహము ఋజువు కాదు. గడువులోపల సమ్యక్పరీక్ష చేసి, సత్యము తప్పక ఒక నిశ్చయమునకు వచ్చి, ఆ పిమ్మట దానిని మనస్సులో తిరిగి తెరవకుండుట ధర్మము. వస్తువును ఉంచుకొని సంవత్సరముల తరబడి సణుగుకొనుట మాత్రము ఏ శాస్త్రమునకును సమ్మతము కాదు.

స్మృతికారులు దీనిని ఉపేక్షింపలేదు

తత్త్వచింతనము చేయువారికి ఇది అల్పవిషయముగా తోచవచ్చును. స్మృతికారులకు అట్లు తోచలేదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము వివాదములను 18 వ్యవహారపదములుగా విభజించినది. వానిలో ఒకటి క్రయవిక్రయానుశయము. అనుశయమనగా పశ్చాత్తాపము. కొనిన పిమ్మట గాని, అమ్మిన పిమ్మట గాని ‘అయ్యో, ఎందుకు చేసితిని’ అని కలుగు చిత్తవృత్తికి ధర్మశాస్త్రము ఒక వ్యవహారపదమునే కేటాయించినది. అట్టి అనుశయము కలిగినవాడు 10 దినములలోపల వస్తువును తిరిగి ఇయ్యవచ్చును, లేదా తిరిగి పుచ్చుకొనవచ్చునని మనువు విధించెను. గడువు దాటిన పిమ్మట ఇచ్చుటయు లేదు, పుచ్చుకొనుటయు లేదు. బలవంతము చేసినవాడు దండార్హుడు.

యాజ్ఞవల్క్యస్మృతి మరింత సూక్ష్మముగా చూచి, వస్తుస్వభావమును బట్టి పరీక్షాకాలమును నిర్ణయించినది. విత్తనములకు 10 దినములు, ఇనుమునకు 1 దినము, బరువు మోయు పశువులకు 5 దినములు, రత్నములకు 7 దినములు, పాడిపశువులకు 3 దినములు. ఈ భేదమునకు హేతువు ఊహింప కష్టము కాదు. ఇనుము మంచిదో చెడ్డదో ఒక్క పూటలో తెలియును. విత్తనము మొలకెత్తునో లేదో భూమి చెప్పవలెను. భూమి తన సమయమునకే చెప్పును.

నారదస్మృతి కొనువాని బాధ్యతను ముందుంచినది. కొనబోవువాడు వస్తువును తాను పరిశీలించి, తెలిసినవారికి చూపి, గుణదోషములను నిశ్చయించుకొనవలెను. అట్లు పరీక్షించి అంగీకరించి కొనినదానిని అటుపిమ్మట తిప్పి ఇయ్యరాదు. తొందరపడి కొంటినని తోచినవాడు అదే దినమున వస్తువును చెక్కుచెదరకుండ తిరిగి ఇచ్చినచో పూర్తి మూల్యము లభించును. రెండవ దినమున మూల్యములో ముప్పదియవ వంతు నష్టము. మూడవ దినమున దానికి రెట్టింపు. అటుపై వస్తువు కొనినవానిదే. అమ్మువానిని కూడ ఆ స్మృతి విడిచిపెట్టలేదు. నిర్దోషమైన వస్తువును చూపి సదోషమైనదానిని అంటగట్టినవాడు కొనినవానికి రెట్టింపు మూల్యమును, రాజునకు అంతే దండమును చెల్లింపవలెను. కౌటిల్యుని అర్థశాస్త్రమున ధర్మస్థీయమను మూడవ అధికరణము కూడ ఈ అనుశయమునకు గడువులు చెప్పినది: వర్తకులకు 1 రాత్రి, కర్షకులకు 3 రాత్రులు, గోపాలకులకు 5 రాత్రులు.

ఈ విధులనుండి గ్రహింపవలసిన అంశములు మూడు. పరీక్షించుట అనుమానపడుట కాదు. అది కొనువాని కర్తవ్యము. తిప్పి ఇచ్చుట అమర్యాద కాదు. అది కాలబద్ధమైన అధికారము. గడువు ముగిసిన పిమ్మట వ్యవహారము ముగియును. దానితో అనుశయము కూడ ముగియవలెను. మొదటి రెండింటిని నేటివారు ఎరుగుదురు. మూడవదానిని మరచుటచేతనే ఎక్కువ దుఃఖము కలుగుచున్నది.

దోషము ప్రయోజనమును బట్టి నిర్ణయింపబడును

పూజకు అక్షతలు కలుపునపుడు గృహిణి విరిగిన గింజలను ఏరి పక్కకు పెట్టును. క్షతము కానిది గనుకనే దానికి అక్షతమని పేరు. ఏరిన ఆ నూకలను ఆమె పారవేయదు. మరునాటి ఉదయము అవి ఉప్మా అగును. విరుగుట అక్షతలయందు దోషము, ఉప్మాయందు దోషము కాదు. బియ్యము ఒక్కటే, ప్రయోజనము వేరు. కనుక ‘ఈ వస్తువులో లోపమున్నదా?’ అను ప్రశ్న అసంపూర్ణము. ‘ఏ పనికై దీనిని కొంటిమో ఆ పనికి ఈ లోపము అడ్డు వచ్చునా?’ అనునదే పూర్ణప్రశ్న.

ఈ దృష్టితో చూచినచో ల్యాప్‌టాప్‌లోని లోపములు మూడు తరగతులుగా విడిపోవును.

మొదటిది స్థిరదోషము: నేడు ఎంత ఉన్నదో ఐదేండ్ల పిమ్మటను ప్రాయికముగా అంతే ఉండునది. మూతపై సన్నని గీత, అక్షరముల ముద్రణలో స్వల్పభేదము, చీకటిగదిలో మాత్రమే తెర అంచున కనబడు పలుచని వెలుగు, తెరపై ఒక మృతబిందువు ఈ కోవకు చెందును. లెక్కలు వ్రాసికొనువానికి, పాఠములు వినువానికి ఇవి అడ్డు రావు. ఛాయాచిత్రములను సంస్కరించి జీవించువానికి తెర నడుమనున్న ఒక్క బిందువైనను నిత్యవిఘ్నమగును. అతడు తిప్పి పంపుట చాపల్యము కాదు.

రెండవది వర్ధమానదోషము: నేడు చిన్నదిగా ఉండి దినదినము పెరుగునది. మూత తెరచునపుడు కీలువద్ద టక్కుమను శబ్దము, కీలుప్రక్కన వెంట్రుకవంటి పగులు, అకారణముగా యంత్రము ఆగి మరల మొదలగుట, ఛార్జింగ్ పిన్ను వదులుగా ఉండి కదలినపుడెల్ల విద్యుత్తు తెగుట, అడుగుభాగము ఉబ్బినట్లు తోచుట. వీనిలో కడపటిది లిథియం బ్యాటరీ వాచుటకు సూచన కావచ్చును. అగ్నిప్రమాదమునకు అవకాశమున్న స్థితి అది. అట్టి యంత్రమును వెంటనే ఆపి, ఛార్జింగ్ తీసివేసి, విక్రేతకు తెలుపవలెను. వర్ధమానదోషమును ‘పోనిలే’ అని స్వీకరించుట సహనము కాదు. ఋణశేషము, అగ్నిశేషము, రోగశేషము మిగులనీయరాదని పెద్దలు చెప్పుట ఇట్టి విషయమునకే వర్తించును.

మూడవది వచనదోషము: వస్తువు బాగుగనే ఉన్నను, ఇచ్చిన మాటకు సరిపోనిది. 16 జీబీ మెమరీ అని చెప్పి 8 జీబీ ఇచ్చుట, క్రొత్తదని చెప్పి ఇతరులు వాడినదానిని పంపుట. ఇక్కడ చెడినది యంత్రము కాదు, మాట. ఇట్టిదానిని మిన్నకుండి స్వీకరించినచో అసత్యమునకు మౌనసమ్మతి ఇచ్చినట్లగును.

పరీక్షాకాలమునందు కూడ స్మృతి చూపిన భేదము ఇక్కడ ఉపకరించును. గీతలు, సందులు, మీటలు, తెర, కెమెరా, స్పీకర్లు ఇనుమువంటివి, తొలిదినముననే తెలియును. బ్యాటరీ, వేడి, కీలు, వైఫై స్థిరత్వము విత్తనమువంటివి. దినముల తరబడి నిజముగా వాడినగాని తెలియవు. విండోస్‌లో బ్యాటరీ నివేదికను తీయు సదుపాయము కలదు. నిర్మాణకాలపు సామర్థ్యమును, ఇప్పటి పూర్ణ సామర్థ్యమును అది పక్కపక్కన చూపును. అప్‌డేట్లన్నియు పూర్తిచేసి చూచుట కూడ పరీక్షలో భాగమే. టచ్‌ప్యాడ్, శబ్దము, తెర మినుకుమినుకుమనుట వంటి కొన్ని ఇబ్బందులు డ్రైవర్ మార్పుతోనే తొలగును. సాఫ్ట్‌వేర్ లోపమును యంత్రదోషముగా భ్రమించుట కూడ ఒక రజ్జుసర్పమే.

సంతోషము పేరిట జరుగు ఆత్మవంచన

సాధకులకు సహజముగా మొదటి పెద్దమాటయే ఎక్కువ ఇష్టము. యదృచ్ఛగా లభించినదానితో తృప్తి చెందుట గీతయందు ప్రశంసింపబడినది. సంతోషము పతంజలి చెప్పిన ఐదు నియమములలో ఒకటి. అయినను ఆ మాటను ఎక్కడ వాడవలెనో తెలియవలెను.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయము త్యాగమును మూడు విధములుగా చెప్పినది. చేయవలసిన కర్మను మోహముచేత విడుచుట తామసము. కష్టమను తలంపుతో, శరీరాయాసమునకు వెరచి విడుచుట రాజసము. దానివలన త్యాగఫలము లభింపదని గీత స్పష్టముగా చెప్పినది. కర్తవ్యమని చేయుచు, సంగమును ఫలమును విడుచుట సాత్త్వికము. ఈ కొలతతో ల్యాప్‌టాప్ కొనినవాని మనస్సును కొలచినచో సత్యము బయటపడును. కస్టమర్ కేర్‌కు పదిసార్లు ఫోను చేయవలెనను విసుగుతో, పెట్టెను మరల కట్టవలెనను బద్ధకముతో, దుకాణదారుడు ఏమనుకొనునో అను సంకోచముతో ‘పోనీ, ఇదియు ఈశ్వరప్రసాదమే’ అని ఉంచుకొన్నవాడు సంతోషమును అభ్యసింపలేదు. ఆయాసమును తప్పించుకొని, దానికి సంతోషమను పేరు పెట్టినాడు. తిప్పి ఇచ్చు హక్కు కలదని తెలియక, తెలిసికొన యత్నింపక ఉంచుకొన్నవానిది తామసము.

ప్రసాదబుద్ధి ఫలమును గూర్చినది. కర్మ పూర్తియైన పిమ్మట వచ్చు ఫలమును ఈశ్వరదత్తముగా స్వీకరించుటయే ప్రసాదబుద్ధి. కొనుగోలు అను కర్మ, డబ్బు చెల్లించినపుడు ముగియలేదు. పరీక్షించి, గడువులోపల నిశ్చయించినపుడు ముగియును. మధ్యలోనే చేతులు ముడుచుకొని ‘ప్రసాదము’ అనుట వండని బియ్యమును నివేదన చేసినట్లుండును. పరీక్ష చేసి, తిప్పి పంపి, విక్రేత నిరాకరింపగా, చట్టపరమైన మార్గము కూడ ఫలింపకపోయినచో అపుడు మిగిలినది నిజముగా ప్రసాదము.

మరొక సంగతి తరచుగా విస్మరింపబడుచున్నది. ఆ సొమ్ము ఎవరిది? ల్యాప్‌టాపులు మన ఇండ్లలో తరచు ఒకరి సొమ్ముతో మరొకరికై కొనబడును. తల్లి దాచుకొన్న చీటీ డబ్బుతో ఇంజనీరింగులో చేరిన కూతురికి కొందురు. నెలసరి వాయిదాలపై అన్న తమ్మునికి కొనియిచ్చును. దేవాలయపు లెక్కలకై, గ్రామ పాఠశాలకై విరాళపు సొమ్ముతో కొందురు. తన సొత్తును విడుచుటకు మనుష్యునికి అధికారము కలదు. పరుల సొత్తులో ఉదారత చూపుటకు అధికారము లేదు. నాలుగేండ్లు ఆ కీబోర్డుపై వ్రాయవలసినది కూతురు. వాయిదాలు కట్టవలసినది తండ్రి. ‘నేను సర్దుకొందును’ అని మొహమాటపడు కుమార్తె, ‘తిప్పి పంపుట మన ఇంటావంటా లేదు’ అని బిగుసుకొను తండ్రి, ఇరువురును మంచివారే. వారి మంచితనమువలన నష్టపడునది ఆమె చదువు. నిక్షేపమును కాపాడువానివలె మెలగవలసిన చోట వైరాగ్యము ప్రదర్శించుట కర్తవ్యలోపమే అగును.

నిర్దోషత్వమను మృగతృష్ణ

రెండవ పెద్దమాటకును ఒక హద్దు కలదు. 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు గల సామాన్యమైన ఫుల్ హెచ్‌డీ తెరలో 20,73,600 బిందువులుండును. ప్రతి బిందువునకును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు ఉపబిందువులు. అనగా 62,20,800 సూక్ష్మదీపములు. ఇన్నింటిలో ఒక్కటియు తప్పరాదని నిర్బంధించుట కష్టమని పరిశ్రమ ముందే ఒప్పుకొన్నది. 2001లో వెలువడిన ఐఎస్ఓ 13406-2 అను అంతర్జాతీయ ప్రమాణము తెరలను తరగతులుగా విభజించి, రెండవ తరగతిలో ప్రతి పది లక్షల బిందువులకును సదా వెలుగునవి 2, సదా ఆరియుండునవి 2, ఉపబిందులోపములు 5 వరకు అనుమతించినది. 2008లో దాని స్థానమున ఐఎస్ఓ 9241-307 వచ్చినది. ఇన్ని బిందువులు చెడినగాని తెర మార్చబోమని నిర్మాతలు తమ తమ నియమములలో వ్రాసికొనుట కూడ ఈ కారణముచేతనే.

కనుక ఒక్క చుక్క కొరకు తిప్పి పంపి తెప్పించుకొన్న రెండవ యంత్రములో చుక్క లేకపోవచ్చును. తెర అంచున వెలుగు కారవచ్చును. మూడవదానిలో ఫ్యాను చప్పుడు అధికముగా ఉండవచ్చును. సర్వారంభములును పొగచేత అగ్నివలె దోషముచేత ఆవరింపబడియున్నవని గీత చెప్పిన భావము కర్మాగారమునకును వర్తించును. పొగ లేని నిప్పు కావలెనని వెదకువాడు వంట చేసికొనలేడు.

ఇక్కడ వేదాంతి గమనింపవలసిన సూక్ష్మము మరొకటి కలదు. బ్రహ్మసూత్రభాష్యారంభమున శంకరభగవత్పాదులు అధ్యాసమును వివరించుచు, పుత్రభార్యాదులు వికలులైనను సకలులైనను ‘నేనే వికలుడను, నేనే సకలుడను’ అని మనుష్యుడు బాహ్యధర్మములను ఆత్మయందు ఆరోపించుకొనునని చూపిరి. క్రొత్త వస్తువుపై గీతను చూచినవాని గుండె ఎందుకు కలుక్కుమనును? గీత పడినది అల్యూమినియంపై. నొప్పి కలిగినది అహంకారమునందు. ‘నేను మోసపోతిని, నాకే ఇట్లు జరుగును’ అను వాక్యములో ల్యాప్‌టాప్ లేనే లేదు. అట్టి స్థితిలో యంత్రమును మార్చినను నొప్పి మారదు. అది క్రొత్త యంత్రములో మరొక గీతను వెదకికొనును. భూతద్దము పట్టుకొని తెరను పరిశీలించుచు అర్ధరాత్రి దాటినచో, అప్పటికి పరీక్ష ముగిసి జపము ప్రారంభమైనట్లే; అది దోషజపము.

పరీక్షకును దోషాన్వేషణమునకును భేదము తెలిసికొనుటకు గుర్తు ఒకటి కలదు. పరీక్షకు ముందుగానే పట్టిక ఉండును, అంతము ఉండును. అన్వేషణమునకు పట్టిక లేదు, దొరికినకొలదియు పెరుగును. మామూలు దూరమున కూర్చుండి, మామూలు వెలుతురులో, మామూలు పని చేయునపుడు కనబడని లోపము వాడువానికి లోపము కాదు.

ఎదుటివానికి చెల్లవలసిన సత్యము

తిప్పి పంపవలెనని నిశ్చయించిన పిమ్మటనే అసలైన ధర్మపరీక్ష ఆరంభమగును. ఏల యనగా ఇక్కడ అసత్యము మిక్కిలి సులభము. ‘నచ్చలేదు’ అన్నచో అంగీకరింపరని ‘పనిచేయుటలేదు’ అని కారణము ఎంచుకొనువారు కలరు. వేరొకచోట రెండువేలు తక్కువకు దొరికినదని తెలిసి, కనబడని లోపమును కల్పించువారు కలరు. ప్రాజెక్టు సమర్పణ వరకు పదిదినములు వాడుకొని, పని తీరగానే చిన్న గీతను సాకుగా చూపి తిప్పి పంపువారు కలరు. తిప్పి పంపు ఉద్దేశమే లేకయు ‘తగ్గింపు ఇయ్యనిచో తిప్పి పంపుదును’ అని బెదిరించువారు కలరు. విక్రేత పెద్ద సంస్థ గనుక పాపము లేదని వీరి సమాధానము. సత్యము ఎదుటివాని ఐశ్వర్యమును బట్టి మారదు.

మహాభారతము శాంతిపర్వమున జాజలి అను తాపసుని కథ కలదు. కదలక నిలిచి తపము చేయగా అతని జటలలో పక్షులు గూడు కట్టి పిల్లలను పెట్టినవి. తన ధర్మమునకు సాటి లేదని గర్వించిన అతనిని ఆకాశవాణి వారణాసిలోని తులాధారుడను వర్తకునివద్దకు పంపినది. తులాధారుడు అంగడిలో కూర్చుండి సరకులు అమ్ముకొనువాడు. తన త్రాసు సర్వభూతములయందును సమముగా నిలుచునని, ఎవరికిని ద్రోహము లేని జీవికయే తన ధర్మమని అతడు తాపసునికి తెలిపెను. జటాధారి వర్తకునివద్ద ధర్మము నేర్చుకొనుట ఈ కథలోని విశేషము. క్రయవిక్రయముల స్థలము తపస్స్థలమునకు తీసిపోదు. త్రాసు అమ్మువాని చేతిలోనే కాదు, కొనువాని చేతిలోను ఉన్నది. ఉన్న లోపమును ఉన్నంతగా చెప్పుట ఆ త్రాసును సమముగా పట్టుట.

విక్రేతకును బాధ్యత కలదని నేటి చట్టము చెప్పుచున్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టము, నాణ్యతయందు గాని ప్రమాణమునందు గాని ఉండవలసినదానికి కలిగిన కొరతను లోపముగా నిర్వచించినది. రసీదులో చెప్పిన గడువులోపల, అట్టి గడువు లేనిచో 30 దినములలోపల, లోపమున్న వస్తువును వెనుకకు తీసికొని సొమ్ము చెల్లింప నిరాకరించుట ఆ చట్టము ప్రకారము అనుచిత వ్యాపారవిధానము. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమములు అంతర్జాలమున అమ్మువారికి కూడ ఇదే బాధ్యతను విధించినవి. ఫిర్యాదు చేయదలచినవారికి జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915. ఇట్టి మార్గములు ఉండగా అరచుట, దూషించుట అనవసరము. పెట్టె తీసికొనుటకు ఇంటికి వచ్చిన యువకుడు ఆ యంత్రమును చేయలేదు, అమ్మలేదు. ఎండలో మెట్లెక్కి వచ్చిన అతనికి మంచినీళ్లిచ్చి మాటాడువాని ప్రత్యర్పణము యజ్ఞమునకు దగ్గరగా ఉండును.

తిప్పి పంపుటకు పూర్వము వ్యక్తిగత ఫైళ్లను తొలగించి, ఖాతాలనుండి బయటకు వచ్చి, యంత్రమును మొదటి స్థితికి తెచ్చి, పెట్టెలోని తీగలు కాగితములతో సహా అప్పగింపవలెను. చెక్కుచెదరకుండ ఇయ్యవలెనని నారదుడు చెప్పినది ఇదియే.

నిశ్చయము, అటుపిమ్మట

ఇంత విచారణ చేసినను సంశయము మిగులు సందర్భములు ఉండును. సరిగా చెప్పవలెనన్నచో చాల సందర్భములు అట్టివే. లోపము స్థిరమైనది, చిన్నది. పనికి అడ్డు రాదు. అయినను పూర్తి ధర చెల్లించితిమను భావము పీడించును. అట్టివాడు తన్ను తాను అడుగవలసిన ప్రశ్న ఒకటే: ‘గడువు తీరిన మరునాడు ఈ లోపమును గూర్చి మరల పలుకకుండ ఉండగలనా?’ ఉండగలిగినచో ఉంచుకొనవచ్చును. ఉండలేడని తన మనస్సును ఎరిగినచో నిస్సంకోచముగా తిప్పి పంపవలెను. ఉన్న వైరాగ్యమునకు మించిన వైరాగ్యమును నటించి, అటుపిమ్మట ఇంటిల్లిపాదికిని ఆ చుక్కను గూర్చి చెప్పి వేధించుటకంటె, వినయముగా తన పరిమితిని ఒప్పుకొని మార్చుకొనుట మేలు. అధికారభేదమును శాస్త్రమే ఒప్పుకొన్నది. అందరికిని ఒకే ఔషధమును విధింపలేదు.

అట్లే ఒకసారి మార్చుకొన్న పిమ్మట వచ్చిన రెండవ యంత్రములో వర్ధమానదోషమును వచనదోషమును లేనిచో, అక్కడ ఆగుట మంచిది. రెండవసారి కనబడిన స్థిరదోషమునకు మూడవ పెట్టెను తెప్పించుకొనువాడు వస్తువును కాక తన అశాంతిని మార్చుకొన యత్నించుచున్నాడు. అది ఏ విక్రేతయు మార్చి ఇయ్యలేని సరకు.

ఉంచుకొన నిశ్చయించినవారికి మన ఆచారమే ఒక మార్గమును చూపుచున్నది. ఆయుధపూజనాడు రైతు నాగలికి, వడ్రంగి బాడిసెకు, డ్రైవరు లారీకి పసుపు కుంకుమలు పెట్టుదురు. ఆ నాగలికి నొక్కులుండును, బాడిసె పిడి అరిగియుండును, లారీకి గీతలుండును. ఆ గీతల పైననే గంధము పూయుదురు. అక్షతలు విరుగరాదని పట్టుబట్టిన ఆచారమే, గీతలు పడిన పనిముట్టునకు ఆవిధముగా నమస్కరించినది. అక్షత దేవునికి సమర్పించునది. పనిముట్టు పని చేయునది. చుక్క ఉన్న తెరపై కూడ విద్యార్థిని పాఠము పూర్తియగును, గుమాస్తా లెక్క సరిపోవును, భక్తుడు వినదలచిన ప్రవచనము వినబడును. ఆ పనులు సాగుచున్నంత కాలము ఆ యంత్రము తన ధర్మమును నెరవేర్చుచున్నట్లే. దానికి మరి యే ఇతర యోగ్యతాపత్రమును అక్కరలేదు.